పుట్టింటి పాట

ముప్ఫై దాటిన మనిషి కొత్త పాటని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపించేస్తాడని డాక్టర్ లింగమూర్తి అంటూ ఉండేవాడు. లోపలికి రమ్మనడు, కూర్చోమనడు. లోపలి మంచాలన్నీ పాత పాటలే ఆక్రమించుకుని ఉంటాయి. పెట్టుబడి పెట్టిన కంపెనీవాళ్ళు ప్రయోగశాల చూడటానికి విశాఖపట్నం వచ్చినప్పుడల్లా ఆయన ఈ మాట అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన దగ్గర పనిచేసే కాత్యాయని కూడా మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత ఆ మాట మొదలయ్యే సమయానికి మంచినీళ్ళు తేవడానికి లేచి వెళ్ళిపోయేది.

అలాగని ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎవరింట్లో చూసినా అంతే. పదహారేళ్ళప్పుడు విన్న పాటలే అరవై ఏళ్ళకీ వింటూ, ఇప్పటివి కూడా పాటలేనా అని పెదవి విరుస్తూ బతికేస్తారు. కొత్త పాటలు వినే చెవి లేక నష్టపోతున్నామని పాటలమ్ముకునే ఆ కంపెనీకి బెంగ. ఆ బెంగకి మందు కనిపెట్టినవాడు లింగమూర్తి. దాన్ని పనిచేసేలా చేసింది కాత్యాయని. మెదడు పంపే సంకేతాలు చదవడంలో ఆమెని మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

మందంటే నుదుటికి కట్టే పట్టీ. కాగితాల మీద దానికి పెద్ద ఇంగ్లీషు పేరు ఉంది గానీ ప్రయోగశాలలో అందరూ బాసికం అనేవారు. ఒక పేరు పెట్టాక మిగతావి వాటంతటవే వచ్చాయి. మనిషికి ప్రాణంతో సమానమైన పాత పాట పుట్టింటి పాట. యంత్రం అల్లిన కొత్త పాట అత్తింటి పాట.

కూర్మమ్మగారు ప్రయోగానికి మొదటిసారి వచ్చినప్పుడు బాసికం ఆవిడ కొప్పు మీంచి జారిపోతూ ఉంటే కాత్యాయని రెండుసార్లు విప్పి కట్టింది. ఆవిడ శ్రీకాకుళం దగ్గర బడుల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. వెన్ను ఇప్పటికీ వంగలేదు. “ఈ వయసులో నాకు మళ్ళీ పెళ్ళేటమ్మా” అని నవ్వింది.

ఆవిడ తెచ్చుకున్న పుట్టింటి పాట వాళ్ళమ్మ పాడిన ఊడుపుల పాట. అన్నయ్య ఎప్పుడో టేపులో పట్టుకున్నాడట. పాట వెనకాల దూడ అరుపు కూడా వినిపిస్తుంది. పాట మొదలవగానే తెర మీద గీత మెల్లగా పైకి లేచింది. దూడ అరిచినచోట ఇంకా లేచింది. ఆవిడ లోపల ఏది ఎక్కడ ఎంత కరుగుతోందో యంత్రం గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత కొత్త పాట వినిపిస్తూ, ఆ కరుగుదలనే మళ్ళీ పుట్టించింది. మూడో రోజు పూర్తయ్యేసరికి ఆవిడ పైటచెంగుతో కళ్ళొత్తుకుంటూ, ఇది తనకి ఎప్పట్నుంచో తెలిసిన పాటలాగుందని, ఎక్కడ విన్నదో మాత్రం గుర్తు రావడంలేదని అంది. ఎక్కడా వినలేదు, పోయిన వారమే పుట్టిందని కాత్యాయని చెబితే ఆవిడ నమ్మలేదు.

దానికో నియమం ఉండేది. బాసికం విప్పాక ఆరు నెలలపాటు పుట్టింటి పాట వినకూడదు. వింటే పాత మమకారం కొత్తదాని కొలతల్లో కలిసిపోయి ఏది ఎంతో తేలదని లింగమూర్తి పట్టుబట్టి పెట్టించాడు. ఆషాఢంలో కొత్తకోడలు అత్తగడప తొక్కకూడదు, ఇక్కడ పుట్టింటి గడప; అయినా ఆ ఆరు నెలలకి ఆషాఢం అనే పేరు పెట్టుకుని అందరూ తమ తెలివికి తామే మురిసిపోయారు. పిల్ల అత్తింట్లో ఎలా ఉందో కొలిచారు, మళ్ళీ మళ్ళీ కొలిచారు. పుట్టింటివైపు ఎవరూ తొంగి చూడలేదు. చూడకూడదని నియమం పెట్టుకున్నది కూడా వాళ్ళే.

వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి పుట్టింటి పాట ఏదో, ఎందుకో అడగడం కాత్యాయని పని. ఆ పని ఆమెకి ఇష్టంగా ఉండేది. గొప్ప గొప్ప పాటలు వస్తాయనుకుంది గానీ రాలేదు. ఒకాయనకి సబ్బు ప్రకటన పాట. అది రేడియోలో వచ్చే వేళకి వాళ్ళ నాన్న పనినుంచి ఇంటికొచ్చేవాడట. ఒకామెకి బడిలో ప్రార్థన. పక్కన నిలబడిన స్నేహితురాలు రోజూ ఒకే మాట తప్పు పాడేదట. మనిషి ప్రాణం పెట్టుకున్న పాట మంచిదా కాదా అన్న ప్రశ్నే లేదని, పాట ఒట్టి కొక్కెం లాంటిదని, దానికి ఏం తగిలించామన్నదే లెక్కని ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక కూడా, ఆ కొక్కేనికి తగిలించింది తీసి ఇంకోచోట తగిలిస్తే ఏమవుతుందని ఆమెకి తట్టలేదు. అంత చదువూ చదివి ఎందుకు తట్టలేదో తర్వాత తనని తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది.

అందరికన్నా ముందు బాసికం కట్టుకున్నది కాత్యాయనే. ఎవరో ఒకరు కట్టుకోవాలి కదా. ఆమె ఇచ్చిన పుట్టింటి పాట భర్తది.

భర్త పేరు సన్యాసిరావు. పోర్టులో ఉద్యోగం, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో పాట. ఆ పేరు పెట్టుకుని ప్రేమపాటలు పాడతావేంటయ్యా అని స్నేహితులు ఏడిపించేవారు. బంధువుల పెళ్ళిపందిట్లో అతను పాడిన పడవవాడి పాట విని కాత్యాయని పడిపోయింది. పదిరోజులైనా ఆడని సినిమాలోది. రెండో చరణం చివర, తీసుకోకూడని చోట అతను ఊపిరి తీసుకునేవాడు. సంగీతం తెలిసినవాళ్ళు అది తప్పనేవారు. ఆ దొంగ ఊపిరి దగ్గరే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పెళ్ళయ్యాక ఏ వేదిక మీద పాడినా, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అతని కళ్ళు జనంలో ఆమెని వెతుక్కునేవి.

నాలుగేళ్ళ కిందట అతని గొంతులో పుండు తేలింది. ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు. ఇప్పుడతను మెడ కింద చేసిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటాడు. మాట్లాడాలంటే టార్చిలైటంత యంత్రం ఒకటి గొంతుకి ఆనించుకోవాలి. అందులోంచి ఎత్తూ పల్లం లేని ఒకే గొంతు వస్తుంది. దాంతో పాట ఎలాగూ కాదు, మాట కూడా పొదుపుగానే వాడతాడు. అతని పాట మిగిలింది రెండుచోట్లే. ఒకటి పాత రికార్డింగు. రెండోది, అది విన్నప్పుడు భార్య మొహం.

ఆ పాటని ప్రయోగానికి ఇస్తున్నానని ఆమె చెప్పినప్పుడు అతను సంతోషించాడు. నా పాట సైన్సుకి పనికొచ్చిందని యంత్రంతో చెప్పి, గుర్తొచ్చినప్పుడల్లా మరో నాలుగు రోజులు నవ్వుకున్నాడు.

ఆమెకి వచ్చిన అత్తింటి పాట పరమ నాసిరకం. వాన, బైకు, కాఫీకప్పు. లింగమూర్తి కావాలనే అలాంటిది ఎంచాడు, దాన్ని ప్రేమించగలిగితే దేన్నైనా ప్రేమించగలరని. ఆమె ప్రేమించింది. కూరలు తరుగుతూ కూనిరాగం తీసేది. బైకు మలుపు తిరిగే ముక్క దగ్గర కళ్ళు తడిసేవి. సిగ్గేసేది కూడా. సన్యాసిరావు వంటింటి గుమ్మంలో నిలబడి వినేవాడు. అతని ఆపరేషన్ తర్వాత ఆ ఇంట్లో కూనిరాగం వినిపించడం అదే మొదలు కాబట్టి, అతను ఏమీ అడగలేదు.

*

ఆర్కెస్ట్రా పాతకాపులందరూ విజయనగరంలో ఒక కల్యాణమంటపంలో కలుసుకున్నారు. భోజనాలయ్యాక సన్యాసిరావుకి శాలువా కప్పి, అతని పడవవాడి పాట రికార్డింగు వేశారు. కాత్యాయనికి ఆషాఢం ఇంకా పూర్తి కాలేదు. అయినా నిండు సభలో చెవులు మూసుకుని కూర్చోవడం కుదరదు కదా. పైగా ఆమెకి వినాలనే ఉంది.

పాట మొదలైంది. తబలా వాయించినాయన తల దించుకున్నాడు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. కాత్యాయని వింటోంది. గొంతు అతనిదే. మొదటి చరణం అయింది. ఇంకా రాలేదు, వస్తుందిలే అనుకుంది. రెండో చరణం వచ్చింది. ఆ చివర, తీసుకోకూడని చోట, ఊపిరి. ఆమె చెవికి అది ఊపిరి తీసుకున్న చప్పుడులాగానే వినిపించింది. బస్టాండులో ఎవరి ఊరి బస్సుకో వచ్చిన ప్రకటన విన్నట్టు విని ఊరుకుంది.

అలసటేమో అనుకుంది. పొద్దున్నే లేచి, ఎండలో ప్రయాణం చేసి, కడుపునిండా తిని కూర్చుంటే ఎవరికైనా ఇంతే అనుకుంది. అప్పుడు వేదికవైపు చూసింది. శాలువా కప్పుకుని కూర్చున్న సన్యాసిరావు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె గబగబా కళ్ళు తుడుచుకుంది. పొడిగా ఉన్న కళ్ళు తుడుచుకోవడం అతనికి తెలియకుండా ఉంటుందా. ఇంటికొచ్చేదాకా కారులో అతను యంత్రం జేబులోంచి తీయలేదు.

మర్నాడు ఆమె ప్రయోగశాలలో తలుపేసుకుని, తనకి తానే బాసికం కట్టుకుని పడవవాడి పాట పెట్టుకుంది. తెర మీద గీత నేలకి కరుచుకుని పడుకుంది. పాత కొలత తీసి పక్కన పెట్టి చూసింది. అప్పటి ఎత్తులన్నీ ఇప్పుడు వాన, బైకు, కాఫీకప్పుకి ఉన్నాయి. ఒక్కటి తేడా లేకుండా ఉన్నాయి. వాళ్ళు నకలు తీస్తున్నామనుకున్నారు. నకలు కాదు, ఉన్నది ఉన్నట్టు ఎత్తుకెళ్ళి అక్కడ దింపారు.  

లింగమూర్తికి చెప్తే ఒకరి కొలతతో ఏం తేలుతుందన్నాడు. అందుకని కూర్మమ్మగారిని పిలిపించారు. ఊడుపుల పాట పెట్టారు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా శ్రద్ధగా విన్నది. తర్వాత కళ్ళు తెరిచి, ఏదో మరిచిపోయి వచ్చినదానిలా చుట్టూ చూసింది.

“మాయమ్మ పాటే. తెలస్తంది” అంది. “ఉత్తినే తెలస్తందమ్మా, అంతే. ఏటి సేసేరు?”

కాత్యాయని ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పింది. లింగమూర్తి కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. కూర్మమ్మగారు తిట్టలేదు. నాది నాకు తిరిగి ఇచ్చేయండి అంది. కొత్త పాట మీరే ఉంచుకోండి, అదెంత బాగున్నా నాకొద్దంది. యంత్రాన్ని తిరగేసి నడపడం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదని, ఏమవుతుందో తెలియదని చెప్పారు. ఆవిడ వినలేదు. ఏమైనా పరవాలేదని సంతకం పెట్టింది.

లింగమూర్తి వారంరోజులు నిద్రాహారాలు మాని పనిచేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒక గిన్నెలో నెయ్యి ఇంకో గిన్నెలోకి వంపితే కొంత గోడలకే అంటుకుపోతుంది. మళ్ళీ మొదటి గిన్నెలోకి వంపబోతే ఇంకొంత. ఇక్కడ మిగిలిందల్లా గోడలకే పోయింది. బాసికం తిరగేసి నడిపిన మూడో రోజు కొత్త పాట పెట్టారు. ఏమీ లేదు. వాళ్ళమ్మ పాట పెట్టారు. దూడ అరిచింది. తెర మీద గీత కదల్లేదు. కూర్మమ్మగారు తెరవైపు చూడనే లేదు. నుదుటి పట్టీ తనే విప్పుకుని, మడత పెట్టి, బల్ల మీద పెట్టింది.

“పోన్లే అమ్మా” అంది. “ఆకలేస్తంది. ఇంటికెల్తాను.”

నాలుగు మాటలన్నా బాగుండేదని కాత్యాయనికి అనిపించింది. కిందదాకా వెళ్ళి ఆటో ఎక్కించి వచ్చింది. ఆటోదాకా ఆవిడ నిటారుగానే నడిచింది. అది చూసి కాత్యాయనికి ఇంకా ఏడుపొచ్చింది.

*

లోపం ఎక్కడుందో తెలిసిందని రెండు వారాల తర్వాత లింగమూర్తి అన్నాడు. తిరుగు ప్రయాణంలో వేగం తగ్గించాలట. ఈసారి సగమన్నా వెనక్కి వస్తుందని నమ్మకంగా చెప్పాడు. అయితే ఒకరి మీద చేసి చూడాలి. ఇంక బయటివాళ్ళ మీద చెయ్యలేం. మొదటి మనిషి కాత్యాయని కాబట్టి ఆమె కొలతలు అందరికన్నా వివరంగా ఉన్నాయి. ఆమె ఒప్పుకుంటే ఆమెకీ మేలు, మిగతావాళ్ళకీ దారి దొరుకుతుంది. ఆయన మాటల్లో మోసం లేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు.

అంతా విని ఆమె, ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న ఒకటి అడిగింది. “మీ పుట్టింటి పాటేంటి సార్?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.  చిన్నప్పుడే పోయిన అక్క ఒకామె ఉండేదని, జడ వేసుకుంటూ ఏదో పాడేదని, దానికి మాటలు కూడా గుర్తులేవని చెప్పాడు. “నేను బాసికం కట్టుకోలేదమ్మా. కట్టుకోవాలనుకున్నాను. భయమేసింది” అన్నాడు.

ఆ భయం ముందే పైకి చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. ఆలోచించుకుని చెప్తానని, అంతకన్నా ముందు వచ్చినవాళ్ళందరికీ జరిగింది చెప్పెయ్యాలని అంది. తమ లాయర్లు చూసేదాకా నోరు విప్పొద్దని కంపెనీవాళ్ళు ఫోను చేశారు. సరేనని పెట్టేసి, ఆమె మొదటి నంబరు నొక్కింది.

వారం పట్టింది అందరికీ చెప్పడానికి. ఒక్కొక్కరూ ఒక్కో రకం. సబ్బు ప్రకటన పాటాయన, వాళ్ళ నాన్న పోయి ఇరవై ఏళ్ళయిందని, ఇవాళ మళ్ళీ పోయినట్టుందని అన్నాడు. ప్రార్థన పాటామె మధ్యలోనే ఫోను పెట్టేసింది. ఒకాయన మాత్రం హాయిగా నవ్వాడు. ఆ పాట తనని పాతికేళ్ళుగా పీక్కు తింటోందని, వదిలించినందుకు దండం పెడతానని అన్నాడు. మిగతా అందరూ అడిగింది మాత్రం ఒకటే: తిరిగి వస్తుందా? తెలియదని చెప్పీ చెప్పీ ఆమె గొంతు బొంగురుపోయింది. తిరిగి వస్తుందో రాదో తేల్చగలిగినది తనొక్కతేనని తెలిసి కూడా తెలియదని చెప్పడం ఆమెకి అన్నిటికన్నా కష్టమైంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సన్యాసిరావు బాల్కనీలో కూర్చుని ఉంటే, ఆమె వెళ్ళి ఎదురుగా కూర్చుంది. కల్యాణమంటపం నుంచి వచ్చిన నాటినుంచి ఇద్దరూ ఆ పాట ఊసు ఎత్తలేదు. ఆమె ఎత్తింది. ఎలా ఇచ్చిందో, ఎలా పోయిందో, కూర్మమ్మగారికి ఏమైందో, లింగమూర్తి ఇప్పుడేం అడుగుతున్నాడో అంతా చెప్పింది. మీ గొంతు పోయినప్పుడు నేను మీతో ఒక మాటన్నాను, పాట నా దగ్గర భద్రంగా ఉంటుందని అన్నాను, ఉంచలేకపోయాను అని చెప్పి ఏడ్చింది. దాచుకోలేదు.

అతను అంతా విని, యంత్రం తీసి గొంతుకి ఆనించుకున్నాడు.

“మల్లీ కడితే ఏటవుద్ది?”

“వస్తే సగం వస్తుందంటున్నారు. రాకపోతే రెండూ పోతాయి. కానీ నేను చెయ్యకపోతే ఆ మిగతావాళ్ళందరికీ...”

“వాల్ల సంగతి తర్వాత. నీకేం కావాలి?”

అతని పాట కావాలి. దానికోసం ఆ బైకు పాటని పారేయడానికి మనసు రావడంలేదు. ఎందుకంటే అతని మీద ముప్ఫై ఏళ్ళు పెంచుకున్నదంతా ఇప్పుడు దాంట్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు. ఈ మాట అతనితో ఎలా చెప్పాలో తెలియక, ఆ పనికిమాలిన పాట తనకి ఎంత ఇష్టమో మాత్రం చెప్పింది. చెబుతూ ఉంటే పరాయి మగవాడి గురించి చెబుతున్నట్టు తల దించుకుంది.

అతను వీధివైపు తిరిగాడు. మెడ కింద కట్టుకున్న పల్చటి గుడ్డ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది.

“కట్టుకోవద్దు” అన్నాడు. తర్వాత, “అదే, ఆ బైకు పాట. నాకెప్పుడూ పూర్తిగా వినిపించలేదు నువ్వు” అన్నాడు.

ఆమె వద్దంది. నవ్వుతారు, అంత చెత్తగా ఉంటుందంది. అతను ఆమె ఫోను తీసి చేతికిచ్చాడు. ఇంక తప్పక పెట్టింది.

వాన పడింది. బైకు బయల్దేరింది. కాఫీకప్పు లోంచి ఆవిరి లేచింది. పల్లవి అయ్యేసరికే ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోవాలని చూసింది, అతని ఎదురుగా, ఇలాంటిదానికి. బైకు మలుపు తిరిగే ముక్క దగ్గరికొచ్చేసరికి ఇంక ఆగలేదు. కళ్ళు వాటంతటవే నిండి చెంపల మీదికి కారిపోయాయి. పడవవాడి పాటకి ఏడ్చినట్టే, సరిగ్గా అలాగే ఏడ్చింది. సన్యాసిరావు ఫోనువైపు చూడటంలేదు. కుర్చీ ముందుకు లాక్కుని ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

పాట అయిపోయింది. అతను కళ్ళు తుడుచుకుని యంత్రం ఎత్తాడు. గొంతుకి ఆనించుకున్నాడు.

“ఏం బాలేదు పాట” అన్నాడు. “ఇంకోసారి పెట్టు.”